సస్పెండ్ నుంచి లేవగానే కెర్నల్ క్రాష్: రిజ్యూమ్ కంటే ముందు సస్పెండ్ ఫంక్షన్ చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. లినక్స్ ఉన్న టెస్ట్ ల్యాప్‌టాప్‌లో ఒక పీసీఐ ఎక్స్‌ప్రెస్ నెట్‌వర్క్ కార్డు, దానికి మీ టీమ్ విడిగా బిల్డ్ చేసే డ్రైవర్ ఉన్నాయి. మూత మూసి తెరిస్తే కొన్నిసార్లు బాగానే లేస్తుంది. కొన్నిసార్లు స్క్రీన్ నల్లగా ఉండిపోయి క్యాప్స్ లాక్ లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. రీబూట్ చేసి లాగ్ చూస్తే "సస్పెండ్ ఎంట్రీ" అన్న లైను దగ్గరే ఆగిపోయి ఉంటుంది. "రిజ్యూమ్ ఫంక్షన్ లైను లైనూ చదివాను, తప్పేం కనపడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. రిజ్యూమ్ ఫంక్షన్ (కార్డును లేపేది) పక్కన పెట్టి సస్పెండ్ ఫంక్షన్ (కార్డును నిద్రపుచ్చేది) చదవండి. నేను చూసిన ఈ రకం క్రాష్‌లలో ఎక్కువ భాగం, నిద్రపోయే ముందు ఆపాల్సిన పనిని డ్రైవర్ ఆపకపోవడం వల్ల వచ్చినవే. అది టైమర్ కావచ్చు, వర్క్‌క్యూలో (కెర్నల్ తర్వాత చేయడానికి పెట్టుకునే పనుల వరసలో) పని కావచ్చు, ఇంటరప్ట్ హ్యాండ్లర్ (హార్డ్‌వేర్ పిలిచినప్పుడు నడిచే ఫంక్షన్) కావచ్చు. కార్డు ఇంకా లేవకముందే ఆ పని నడిచి కార్డు రిజిస్టర్ (కార్డు లోపలి చిన్న మెమరీ గడి) చదువుతుంది, అక్కడ చెత్త విలువ వస్తుంది, దాన్ని నమ్మి ముందుకు పోతుంది. రిజ్యూమ్ ఫంక్షన్ వంతు రాకముందే అంతా అయిపోతుంది కాబట్టి దాన్ని ఎన్నిసార్లు చదివినా తప్పు దొరకదు.

ఇది అనుమానమే, రుజువు కావాలి. నేను వెళ్లే వరస ఇదీ: ముందు క్రాష్ లాగ్ పోకుండా చూసుకోవడం, తర్వాత సస్పెండ్‌ను దశలుగా విడగొట్టి ఏ దశలో పడుతోందో పట్టుకోవడం, ఆ తర్వాతే కోడ్ జోలికి వెళ్లడం. అన్నీ తెలుగులోనే టైప్ చేస్తున్నాను కాబట్టి ఫైళ్లు, ఫంక్షన్ల పేర్లలో ఖాళీ ఉన్నచోట అండర్‌స్కోర్, డైరెక్టరీల దారుల్లో స్లాష్ పెట్టుకుని చదవండి.

లాగ్ అక్కడే ఎందుకు ఆగుతుందంటే, సస్పెండ్‌లో కెర్నల్ మొదట చేసే పనుల్లో ఒకటి యూజర్ ప్రాసెస్‌లన్నింటినీ ఫ్రీజ్ చేయడం. లాగ్‌ను డిస్కుకి రాసే జర్నల్ సర్వీస్ కూడా ఒక ప్రాసెస్సే, అదీ ఆగిపోతుంది. ఆ తర్వాత కెర్నల్ ఏం చెప్పినా ర్యామ్‌లోని బఫర్‌లోనే ఉంటుంది. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపారంటే అదీ పోతుంది. కాబట్టి చివరి లైను "సస్పెండ్ ఎంట్రీ" అయినంత మాత్రాన క్రాష్ సస్పెండ్ అవుతుండగా జరిగిందనీ కాదు, లేచేటప్పుడు జరిగిందనీ కాదు. ఆ లైను మీకు ఏమీ చెప్పడం లేదు, అంతే.

అయితే మీరు రాసిన క్యాప్స్ లాక్ సంగతి మంచి కబురు. కెర్నల్ పానిక్ అయినప్పుడు (ఇక నడవలేనని పూర్తిగా ఆగిపోయినప్పుడు) పాత పీఎస్/2 తరహా కీబోర్డు లైట్లను అలా వెలిగించి ఆర్పుతుంది, ల్యాప్‌టాప్ లోపలి కీబోర్డులు చాలావాటికి ఇప్పటికీ అదే కనెక్షన్. అంటే సీపీయూ బతికే ఉంది, పానిక్ కోడ్ దాకా వచ్చింది. లాగ్‌ను ఎక్కడో ఒకచోట రాయించుకోవచ్చు. లైటు కూడా లేకుండా బిగుసుకుపోతే దారి వేరు, అది చివర్లో చెప్తాను.

ల్యాప్‌టాప్‌కి సీరియల్ పోర్టు ఉండదు కాబట్టి ఇక్కడ మీకు పనికొచ్చేది పీస్టోర్. యూఈఎఫ్ఐ (మెషీన్ ఆన్ కాగానే నడిచే ఫర్మ్‌వేర్) ఉన్న మెషీన్‌లో కెర్నల్ తన చివరి లాగ్‌ను ముక్కలు చేసి ఫర్మ్‌వేర్ వేరియబుల్స్‌లో రాస్తుంది. అది ఫ్లాష్‌లో ఉంటుంది, పవర్ తీసేసినా పోదు. రీబూట్ అయ్యాక సిస్ ఎఫ్ఎస్ పీస్టోర్ డైరెక్టరీలో కనపడుతుంది, సిస్టమ్‌డీ ఉన్న డిస్ట్రోల్లో వార్ లిబ్ సిస్టమ్‌డీ పీస్టోర్ కిందకు తరలిపోతుంది. రెండుచోట్లా చూడండి. కొన్ని డిస్ట్రోల్లో ఈఎఫ్ఐ పీస్టోర్‌ను ఆపేసి ఉంచుతారు, ఆ మాడ్యూల్ పారామీటర్ ఒకసారి సరిచూసుకోండి. అక్కడ ఉండే చోటు చిన్నది, కాపీ చేసుకున్నాక పాతవి తీసేయండి. ఎంబెడెడ్ బోర్డుల్లో వాడే ర్యామ్‌ఊప్స్ మాత్రం ర్యామ్‌లోనే దాస్తుంది, రీసెట్‌కు నిలుస్తుంది కానీ పవర్ తీస్తే నిలవదు.

దాంతోపాటు పానిక్ ఆన్ ఊప్స్ అనే కెర్నల్ సెట్టింగ్ విలువ 1 చేయండి. ఊప్స్ అంటే కెర్నల్ కోడ్‌లో తప్పు జరిగినప్పుడు వచ్చే ఎర్రర్ రిపోర్టు. లేకపోతే ఊప్స్ వచ్చినా ఆ ఒక్క కెర్నల్ థ్రెడ్ చచ్చిపోయి మిగతా మెషీన్ కుంటుతూ నడుస్తుంది, కాసేపటికి ఇంకెక్కడో ఆగుతుంది. మీరు ఆ రెండోచోట వెతుకుతూ కూర్చుంటారు.

ఇక అసలు పరీక్ష. ముందు సిస్ పవర్ కింద ఉన్న పీఎం ఎసింక్ ఫైల్లో 0 రాయండి. మామూలుగా కెర్నల్ చాలా డివైస్‌లను ఒకేసారి, పక్కపక్కనే నిద్రపుచ్చి లేపుతుంది. అది ఆపితే ఒకదాని తర్వాత ఒకటిగా వెళ్తాయి, లాగ్ అర్థమవుతుంది. పీఎం ప్రింట్ టైమ్స్‌లో 1 రాస్తే ఏ డివైస్ కాల్‌బ్యాక్ (కెర్నల్ పిలిచే డ్రైవర్ ఫంక్షన్) ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో కూడా వస్తుంది. సున్నా పెట్టగానే క్రాష్ మాయమైతే సంబరపడకండి. రెండు డివైస్‌ల మధ్య ఉన్న ఆధారం కెర్నల్‌కు ఎవరూ చెప్పలేదన్నమాట. మీ డివైస్ ఇంకోదాని మీద, అంటే ఒక క్లాక్ చిప్ మీదో రెగ్యులేటర్ మీదో ఆధారపడుతుంటే డివైస్ లింక్‌తో ఆ సంగతి చెప్పాలి. 4.10 కెర్నల్ నుంచి ఆ సౌకర్యం ఉంది.

తర్వాత అదే డైరెక్టరీలో ఉన్న పీఎం టెస్ట్ ఫైలు. కెర్నల్ బిల్డ్‌లో పీఎం డీబగ్ ఆప్షన్ ఉంటేనే కనపడుతుంది. అందులో ఫ్రీజర్, డివైసెస్, ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్ అని అయిదు మెట్లుంటాయి. ఏదో ఒకటి రాసి మామూలుగా సస్పెండ్ చేస్తే, కెర్నల్ ఆ మెట్టు దాకా దిగి, 5 సెకన్లు ఆగి, వెనక్కి లేస్తుంది. ఫ్రీజర్ నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టూ చాలాసార్లు నడపండి. చేత్తో మూత మూయడం, తెరవడం కాదు, ఆర్‌టీసీ వేక్ కమాండ్‌ను (సస్పెండ్ చేసి, చెప్పిన సమయానికి మెషీన్‌ను లేపేది) లూప్‌లో పెట్టి రాత్రంతా వదిలేయండి.

మీలాంటి పీసీఐ డ్రైవర్ రాసేవాళ్లకు ఇందులో ఒక మెలిక తెలిసి ఉండాలి. డివైసెస్ మెట్టులో మీ మామూలు సస్పెండ్ కాల్‌బ్యాక్ మాత్రమే నడుస్తుంది. లేట్, నోఐఆర్‌క్యూ (డివైస్ ఇంటరప్ట్‌లు ఆపేశాక వచ్చేది) అనే తర్వాతి దశలు ప్లాట్‌ఫామ్ మెట్టులో వస్తాయి. మీ డ్రైవర్ స్వయంగా చేయకపోతే, కార్డును డీ3 స్థితిలోకి (పీసీఐలో లోతైన నిద్ర) పీసీఐ కోర్ (కెర్నల్‌లో పీసీఐ కార్డులన్నిటినీ చూసుకునే కోడ్) పంపేది ఆ నోఐఆర్‌క్యూ దశలోనే. అందుకే డివైసెస్ మెట్టు ఎన్నిసార్లు నడిపినా బాగుండి, ప్లాట్‌ఫామ్ మెట్టులో పడిపోతే, కార్డు డీ3లో ఉండగా ఎవరో దాన్ని ముట్టుకుంటున్నారని గట్టిగా అనుమానించండి. డీ3లో ఉన్న కార్డు రిజిస్టర్ చదివితే ఎర్రర్ రాదు. అన్ని బిట్లూ 1గా, అంటే 32 బిట్ల రిజిస్టర్‌కి ఎనిమిది ఎఫ్‌లుగా విలువ వస్తుంది. సీపీయూకి అది మామూలు అంకెలాగే కనపడుతుంది.

మీ పరిస్థితికి బాగా దగ్గరగా ఉన్న కేసు ఒకటి నా దగ్గరికి వచ్చింది. అదీ నెట్‌వర్క్ కార్డే. లింక్ పోయిందా, రింగ్ (ప్యాకెట్ల వివరాలుండే డిస్క్రిప్టర్ల వరస) ఎక్కడైనా ఇరుక్కుందా అని సెకనుకోసారి చూసే డిలేడ్ వర్క్ (కాసేపాగి నడిచేలా వర్క్‌క్యూలో వేసే పని) ఒకటి డ్రైవర్‌లో ఉంది. అది తన పని అయ్యాక తనను తానే మళ్లీ క్యూలో వేసుకుంటుంది. సస్పెండ్ ఫంక్షన్‌లో నెట్‌వర్క్ క్యూ ఆపారు, డీఎంఏ (కార్డు నేరుగా ర్యామ్‌లో చదవడం, రాయడం) ఆపారు, ఈ వర్క్‌ను మాత్రం ఆపలేదు. మామూలు సిస్టమ్ వర్క్‌క్యూ ఫ్రీజ్ కాదు, ప్రాసెస్‌లన్నీ ఆగిపోయాక కూడా అందులోని పనులు నడుస్తూనే ఉంటాయి.

ఊప్స్‌లో పేజ్ ఫాల్ట్ అడ్రస్ ఒకటి కనిపించింది, ఏ స్ట్రక్చర్‌కూ పొంతన లేని అడ్రస్. రింగ్ మొదలయ్యే అడ్రస్ అదే ఊప్స్‌లోని సీపీయూ రిజిస్టర్ డంప్‌లో దొరికింది. రెండింటి తేడా తీస్తే హెక్స్‌లో ఎనిమిది ఎఫ్‌లు, చివర ఒక సున్నా. అక్కడికి విషయం తేలిపోయింది. ఒక్కో డిస్క్రిప్టర్ 16 బైట్లు. హెక్స్‌లో 16తో గుణిస్తే చివర ఒక సున్నా చేరుతుంది. అంటే రింగ్ ఇండెక్స్‌గా వాడిన అంకె ఎనిమిది ఎఫ్‌లు. కార్డు డీ3లో ఉండగా ఇండెక్స్ రిజిస్టర్ చదివారు, వచ్చిన విలువను రింగ్ సైజుతో సరిచూడకుండా నేరుగా వాడారు, రింగ్ మొదలు నుంచి దాదాపు 64 జీబీ అవతల పడ్డారు. ఆ మెషీన్‌లో ర్యామ్ 16 జీబీ కాబట్టి క్రాష్ అయింది. పెద్ద సర్వర్‌లో అయితే క్రాష్ కాకుండా ఎవరిదో మెమరీ చదివేసి ఉండేది, అది ఇంకా ప్రమాదం.

అప్పుడప్పుడే ఎందుకు వచ్చేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. నిజమైన సస్పెండ్‌లో కార్డు డీ3లోకి వెళ్లినప్పటి నుంచి టైమర్లన్నీ ఆగేదాకా ఉండే వ్యవధి చాలా తక్కువ, లేచేటప్పుడూ అంతే. సెకనుకోసారి వచ్చే వర్క్ సరిగ్గా ఆ సందులో పడితేనే క్రాష్. ప్లాట్‌ఫామ్ మెట్టు టెస్ట్‌లో ఆ సందు 5 సెకన్లకు పెరుగుతుంది. అందుకే మూత మూసి తెరిస్తే ఎప్పుడో ఒకసారి వచ్చే క్రాష్, పీఎం టెస్ట్‌లో దాదాపు ప్రతిసారీ వచ్చింది. మీకూ అలాగే వస్తుందని నా అంచనా.

సరిచేయడంలో వరస ముఖ్యం. క్యాన్సిల్ డిలేడ్ వర్క్ సింక్ అని ఒక లైను పెట్టేసి వదిలేస్తే సరిపోదు. ఆ ఫంక్షన్, తనను తాను క్యూలో వేసుకునే పనిని కూడా ఆపగలదు. కానీ మీరు ఆపిన మరుక్షణం ఇంటరప్ట్ హ్యాండ్లర్ వచ్చి ఆ వర్క్‌ను మళ్లీ క్యూలో వేస్తే? అందుకని పని పుట్టే చోట్లను ముందు మూయాలి. నెట్‌వర్క్ డివైస్‌ను డిటాచ్ చేయండి, కార్డులో ఇంటరప్ట్‌లను మాస్క్ చేయండి, సింక్రనైజ్ ఐఆర్‌క్యూతో నడుస్తున్న హ్యాండ్లర్ ముగిసేదాకా ఆగండి, ఆ తర్వాత న్యాపీ (ప్యాకెట్లను విడతలుగా తీసుకునే కెర్నల్ పద్ధతి) డిసేబుల్ చేసి, చివరగా వర్క్‌లు, టైమర్లు క్యాన్సిల్ చేయండి. రిజ్యూమ్‌లో దీనికి తిరగేసి: ముందు హార్డ్‌వేర్‌ను పూర్తిగా నిలబెట్టి, తర్వాత న్యాపీ, ఇంటరప్ట్‌లు, ఆ తర్వాత వర్క్, అన్నిటికంటే చివర డివైస్ అటాచ్. వర్క్‌ను ఫ్రీజబుల్ వర్క్‌క్యూలోకి మార్చడం కూడా ఒక దారే, కొన్నిచోట్ల చాలు. కానీ రన్‌టైమ్‌లో కార్డు ఒక్కటే నిద్రపోయే సందర్భంలో ఎవరూ ఏమీ ఫ్రీజ్ చేయరు, అప్పుడు అది మిమ్మల్ని కాపాడదు.

ఇంటరప్ట్ లైను వేరే డివైస్‌తో పంచుకునే కార్డు అయితే ఇంకో గొడవ ఉంది. పక్క డివైస్ ఇంటరప్ట్ లేపినా మీ హ్యాండ్లర్‌ను కూడా కెర్నల్ పిలుస్తుంది. మీ కార్డు నిద్రలో ఉంటే స్టేటస్ రిజిస్టర్‌లో అన్నీ ఒకట్లే, అంటే "అన్ని ఇంటరప్ట్‌లూ నావే" అని మీ కోడ్‌కు కనపడుతుంది. హ్యాండ్లర్ మొదట్లోనే ఆ విలువ వచ్చిందేమో చూసి, వస్తే ఇది నాది కాదని తిరిగిపోవాలి. రెండు లైన్ల పని. షేర్డ్ ఐఆర్‌క్యూ డీబగ్ ఆప్షన్ పెట్టి కెర్నల్ బిల్డ్ చేస్తే, ఇంటరప్ట్‌ను వదిలే సమయంలో కెర్నల్ కావాలనే మీ హ్యాండ్లర్‌ను ఒకసారి పిలిచి చూస్తుంది. డెవలప్‌మెంట్ మెషీన్‌లో అది ఎప్పుడూ ఆన్‌లో ఉండాలని నా గట్టి అభిప్రాయం.

పీఎం టెస్ట్ మెట్లన్నీ దాటేసి, నిజంగా సస్పెండ్ చేసినప్పుడే పడిపోతే? పీఎం టెస్ట్ మెషీన్‌ను నిజంగా నిద్రపుచ్చదు, ర్యామ్ తప్ప మిగతావాటికి కరెంటు ఆగిపోయే ఆ చివరి అడుగు అందులో లేదు. కాబట్టి ఇప్పుడు అనుమానం పోయిన స్టేట్ మీదకు మళ్లాలి. రింగ్ బేస్ అడ్రస్, ఇంటరప్ట్ మాస్క్, కార్డులోకి ఎక్కించిన ఫర్మ్‌వేర్, ఇవి కరెంటు పోతే పోతాయి. పీసీఐ కాన్ఫిగ్ స్పేస్‌ను (ప్రతి కార్డుకూ ఉండే ప్రామాణిక సెట్టింగుల చోటు) పీసీఐ కోర్ దాచి తిరిగి పెడుతుంది కానీ, మీ కార్డు సొంత రిజిస్టర్ల సంగతి దానికి తెలియదు. ప్రోబ్‌లో (కార్డు దొరకగానే మొదట నడిచే డ్రైవర్ ఫంక్షన్) చేసిన హార్డ్‌వేర్ సెటప్ మొత్తం రిజ్యూమ్‌లో కూడా జరుగుతోందా అని పక్కపక్కన పెట్టి పోల్చండి. రెండుచోట్లా ఒకే ఇనిట్ ఫంక్షన్ పిలిచేలా రాసుకుంటే ఈ తేడా పుట్టదు.

ఇక్కడే మెమ్ స్లీప్ ఫైలు కూడా పనికొస్తుంది. అందులో డీప్ (ర్యామ్ తప్ప మిగతావాటికి కరెంటు ఆపే నిద్ర), ఎస్2ఐడిల్ (సీపీయూను ఖాళీగా ఉంచే తేలిక నిద్ర) రెండూ ఉంటే మార్చి చూడండి. ఎస్2ఐడిల్‌లో బాగుండి డీప్‌లో పడిపోతే, స్టేట్ పోవడమో ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్ సమస్యో. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డీప్ అసలు ఉండదు, అప్పుడు ఈ పోలిక కుదరదు. ఎస్2ఐడిల్‌లో పీఎం టెస్ట్ కూడా ప్లాట్‌ఫామ్ మెట్టు వరకే అర్థవంతం.

ఊప్స్ చేతికి వచ్చాక ముందు ఆ అడ్రస్‌ను తేరిపార చూడండి. చిన్న అంకె అయితే నల్ పాయింటర్, ఆ అంకే స్ట్రక్చర్‌లో ఆఫ్‌సెట్, పహోల్ (స్ట్రక్చర్ల అమరిక చూపించే టూల్) తో చూస్తే ఏ ఫీల్డో తెలుస్తుంది. స్లాబ్ డీబగ్ (కెర్నల్ మెమరీ వాడకంలో తప్పులు పట్టే ఆప్షన్) ఆన్‌లో ఉండి 6బి 6బి 6బి అని వరసగా ఉంటే ఫ్రీ చేసిన మెమరీ వాడుతున్నారు. డెడ్ అనే అక్షరాలతో మొదలై చివర 100 గానీ 122 గానీ ఉంటే లిస్టు నుంచి తీసేసిన ఎంట్రీని మళ్లీ ముట్టుకున్నారు. ఎఫ్‌లు కనిపిస్తే పైన చెప్పిన కథే. ఫంక్షన్ పేరు, ఆఫ్‌సెట్ ఉంటే కెర్నల్ సోర్స్‌లోని ఫ్యాడర్2లైన్ స్క్రిప్టు నేరుగా సోర్స్ లైను చూపిస్తుంది, మీ మాడ్యూల్ డీబగ్ సమాచారంతో బిల్డ్ అయి ఉండాలి.

క్యాప్స్ లాక్ లైటు కూడా రాకుండా మెషీన్ బిగుసుకుపోయే కేసుల్లో చివరి ఆయుధం పీఎం ట్రేస్. ఎక్స్86 మెషీన్ మీద, రిజ్యూమ్ జరుగుతుండగా వాడుకోగలిగినవాటిలో రీబూట్‌ను దాటి విలువ నమ్మకంగా నిలుపుకునేది గడియారం చిప్ ఒక్కటే కాబట్టి, కెర్నల్ ప్రతి అడుగులో ఏ డివైస్ దగ్గరుందో హ్యాష్ చేసి ఆ గడియారంలో తేదీ, టైము రూపంలో రాసేస్తుంది. 2006లో లినస్ టోర్వాల్డ్స్ రాసిన కోడ్ ఇది. నిమిషాలను 3 చొప్పున 20 భాగాలు చేసి వాడతారు, మొత్తం 24 బిట్లకు కాస్త తక్కువ సమాచారం పడుతుంది. బిగుసుకున్న మెషీన్‌ను 3 నిమిషాల లోపే తిరిగి బూట్ చేయాలనడానికి కారణం అదే, ఆలస్యమైతే గడియారం ముందుకు జరిగి విలువ మారిపోతుంది. బూట్ అయ్యాక కెర్నల్ లాగ్‌లో "మ్యాజిక్ నంబర్" అన్న లైను, దాని కింద హ్యాష్ కలిసిన సోర్స్ లైను, డివైస్ పేరు వెతకండి. ఒకటికంటే ఎక్కువ డివైస్‌లు కలవొచ్చు, ఒక్కసారి చూసి తీర్పు చెప్పకండి. తేదీ మొత్తం పాడవుతుంది కాబట్టి ముఖ్యమైన డేటా ఉన్న మెషీన్‌లో చేయొద్దు, పని కాగానే గడియారం సరిచేసుకోండి. లేచిన తర్వాత ఒక వర్క్‌లో జరిగే క్రాష్‌ను మాత్రం ఇది పట్టలేదు, అందుకే మీకు మొదట చెప్పలేదు.

క్రాష్ కాకుండా ఏదో ఒక డివైస్ కాల్‌బ్యాక్ తిరిగి రాకపోవడం వల్లే ఆగిపోతోందనిపిస్తే డీపీఎం వాచ్‌డాగ్ ఆప్షన్ పెట్టి బిల్డ్ చేయండి. ఒక కాల్‌బ్యాక్ గడువు దాటితే దాని స్టాక్ చూపించి పానిక్ చేస్తుంది, పీస్టోర్‌లో దొరుకుతుంది. ఆర్మ్ బోర్డుల మీద పనిచేసేవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట: అక్కడ క్లాక్ ఆగిన బ్లాక్ రిజిస్టర్ ముట్టుకుంటే ఎఫ్‌లు రావు, చాలా చిప్‌లలో ఎక్స్‌టర్నల్ అబార్ట్ వస్తుంది లేదా బస్సే బిగుసుకుపోతుంది.

ఇదంతా మొదలుపెట్టే ముందు తప్పు మీ డ్రైవర్‌దేనని నిర్ధారించుకోండి. సస్పెండ్‌కు ముందు ఆ డ్రైవర్‌ను అన్‌బైండ్ చేసి (కార్డు నుంచి విడదీసి), అదే లూప్ రాత్రంతా నడపండి. అప్పుడూ పడిపోతే మీ కోడ్ నిర్దోషి. పాత కెర్నల్‌లో బాగుండి కొత్తదాంట్లో మొదలైతే గిట్ బైసెక్ట్ (మార్పులను ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ తప్పు తెచ్చినదాన్ని వెతకడం) చేయండి. రెండు వరస విడుదలల మధ్య పదమూడు, పద్నాలుగు వేల మార్పులున్నా 14 అడుగుల దరిదాపుల్లో తేలుతుంది. కాకపోతే అప్పుడప్పుడు వచ్చే క్రాష్‌తో బైసెక్ట్ చేస్తే "బాగుంది" అన్న ప్రతి తీర్పూ అనుమానమే. ముందు పీఎం టెస్ట్‌తో దాన్ని ప్రతిసారీ వచ్చేలా చేసుకుని, ఆ తర్వాతే బైసెక్ట్‌కు దిగండి.

ప్లాట్‌ఫామ్ మెట్టు ఫలితం, పీస్టోర్‌లో దొరికిన ఊప్స్ మొత్తం (మధ్యలో కత్తిరించకుండా), కెర్నల్ వెర్షన్, మీ సస్పెండ్ ఫంక్షన్, ఇంటరప్ట్ హ్యాండ్లర్, ఈ డ్రైవర్‌లో ఎక్కడెక్కడ వర్క్ క్యూలో వేస్తున్నారో ఆ లైన్లు, ఇవి ఇక్కడ పెట్టండి. రిజ్యూమ్ ఫంక్షన్ ప్రస్తుతానికి అక్కర్లేదు.